మీకు తెలుసా? 38 ఏళ్ళలో ఒక్క చెడ్డ సీజన్ కూడా చూడని కోచ్

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఏదో ఒక ఏడాది కప్పు గెలవడం వింతేమీ కాదు. ఏటేటా పైస్థాయిలో నిలబడటమే వింత. అక్కడ విద్యార్థికి ఆడే అవకాశం నాలుగు సీజన్లే. అమ్మాయి ఆటలో ఆరితేరి, జట్టుని భుజాన వేసుకునే స్థితికి వచ్చేసరికి డిగ్రీ పుచ్చుకుని వెళ్ళిపోతుంది. కోచ్ మళ్ళీ ఊళ్ళు పట్టుకు తిరగాలి, హైస్కూలు పిల్లల ఇళ్ళకి వెళ్ళి అమ్మానాన్నలతో మాట్లాడాలి, పద్దెనిమిదేళ్ళ పిల్లలతో మళ్ళీ అఆల నుంచి మొదలుపెట్టాలి. డబ్బు పోసి ఆటగాళ్ళని కొనుక్కునే వేలం పాట ఈ కథ జరిగిన రోజుల్లో అక్కడ లేదు.

ఈ పనిని 1974 నుంచి 2012 దాకా ఒకే చోట, టెనెసీ విశ్వవిద్యాలయంలో చేసిన మహిళ పాట్ సమిట్. 1098 విజయాలు, 208 ఓటములు, 8 జాతీయ టైటిళ్ళు. 38 సీజన్లలో ఏ ఒక్కదానిలోనూ ఓటముల సంఖ్య గెలుపులని దాటలేదు. ఆవిడ గురించి చదివిన కొద్దీ నాకు కలిగిన అభిప్రాయం ఒకటే: ఈ లెక్కలన్నింటి వెనకా ఉన్నది ప్రతిభని పసిగట్టే కన్ను మాత్రమే కాదు. స్టార్‌కీ, నిన్న చేరిన పిల్లకీ ఒకే నియమం అనే పట్టుదల.

మొదటి జీతం నెలకి 250 డాలర్లని తెలుసా?

అప్పటికి ఆవిడ పేరు పాట్రిషియా హెడ్, వయసు 22. పీజీ చదువుకుంటూ సహాయకురాలిగా ఉందామని టెనెసీకి వచ్చింది. ఇంతలో ఉన్న కోచ్ తప్పుకోవడంతో జట్టు మొత్తం ఆవిడ చేతికే వచ్చింది. జట్టులో కొందరు అమ్మాయిలు ఆవిడ కన్నా ఒకటి రెండేళ్ళే చిన్న. వ్యాన్ నడిపేదీ ఆవిడే, మ్యాచ్ అయ్యాక జెర్సీలు ఉతికేదీ ఆవిడే. డోనట్లు అమ్మగా వచ్చిన డబ్బుతో యూనిఫాంలు కొన్నారు.

1974 డిసెంబరు 7న మొదటి మ్యాచ్ మెర్సర్ జట్టుతో జరిగింది. 84-83, ఒక్క పాయింటు తేడాతో ఓటమి. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అందరికన్నా ఎక్కువ విజయాల రికార్డు కొన్నేళ్ళపాటు తన పేరున ఉంచుకున్న కోచ్ ప్రయాణం అలా మొదలైంది.

ఆవిడ కష్టానికి కొత్త కాదు. టెనెసీ పల్లెలో పాడి చేస్తూ, పొగాకు పండించే ఇంట్లో పుట్టింది. ముగ్గురు అన్నలతో గడ్డివాములు పెట్టే అటక మీద బాస్కెట్‌బాల్ ఆడుతూ పెరిగింది. హైస్కూలు వయసు వచ్చేసరికి వాళ్ళుండే చోట అమ్మాయిల జట్టు లేదు. కూతురు ఆడాలని తండ్రి కాపురాన్నే పక్క జిల్లాకి మార్చాడు. 1960లలో, ఓ రైతు తండ్రి! ఆ ఒక్క నిర్ణయం లేకపోతే తర్వాతి కథంతా లేదు.

మొదటి కప్పుకి 13 సీజన్లు పట్టిందని తెలుసా?

ఈ సంగతి చాలామందికి తెలియదు. ఎనిమిది టైటిళ్ళ కోచ్ అనగానే వచ్చీ రావడంతోనే గెలిచేసిందనుకుంటాం. 1980లో ఫైనల్‌లో ఓడిపోయారు. 1981లో మళ్ళీ ఫైనల్, మళ్ళీ ఓటమి. 1984లోనూ అంతే. పెద్ద జట్టే గాని పెద్ద మ్యాచ్ గెలవలేదన్న మాట వినపడుతుండగా, 1987లో లూసియానా టెక్‌ని 67-44తో ఓడించి మొదటిసారి కప్పు అందుకున్నారు. ఆ తర్వాత 1989, 1991, వరసగా 1996, 1997, 1998, ఆపైన 2007, 2008. ఇప్పటి ఎన్‌సీఏఏ (జాతీయ కాలేజీ క్రీడల సంఘం) మహిళల టోర్నమెంటు మాత్రం 1982లో మొదలైంది. అప్పటి నుంచి 2012 దాకా జరిగిన 31 టోర్నమెంట్లలో ఒక్కదానికి కూడా టెనెసీ దూరం కాలేదు. 18 సార్లు చివరి నాలుగు జట్లలో నిలిచింది.

పన్నెండు సీజన్లు కప్పు లేకుండా కోచ్‌ని భరించే యాజమాన్యం ఇవాళ ఎక్కడుంది? ఆ ఓపిక చూపించినందుకు ఆ విశ్వవిద్యాలయానికి కూడా సగం మార్కులు ఇవ్వాలి.

సగం కోర్టుకే పరిమితమైన ఆట

పాట్ కోచ్‌గా చేరిన రోజుల్లో టెనెసీ హైస్కూళ్ళలో అమ్మాయిలకి వేరే ఆట ఉండేది. జట్టుకి ఆరుగురు. ముగ్గురు బంతి వేసేవాళ్ళు, ముగ్గురు అడ్డుకునేవాళ్ళు. మధ్య గీత ఎవరూ దాటకూడదు. ఆడపిల్లలు కోర్టంతా పరిగెత్తలేరన్న నమ్మకం మీద నిలిచిన పద్ధతి అది. దీనివల్ల డిఫెన్స్‌లో నిలబడ్డ అమ్మాయి హైస్కూలంతా ఆడినా ఒక్కసారైనా బుట్టలోకి బంతి వేయకుండానే బయటికి వచ్చేది. షూటింగ్ రానివాళ్ళకి ఏ కాలేజీ స్కాలర్‌షిప్ ఇస్తుంది?

విక్టోరియా కేప్ అనే విద్యార్థిని దీని మీద 1976లో కోర్టుకెక్కింది. యువ కోచ్ పాట్ ఆ అమ్మాయి తరఫున సాక్ష్యం చెప్పింది. పై కోర్టులో కేసు నిలవలేదు. అయినా ఒత్తిడి తగ్గలేదు. 1979లో రాష్ట్రం తనంతట తానే అయిదుగురి పూర్తి కోర్టు ఆటకి మారింది. జట్టుని నిర్మించడమంటే తన జిమ్‌లో ప్రాక్టీసు చేయించడం ఒక్కటే కాదు, ఆటగత్తెలు తయారయ్యే నేలని కూడా బాగుచేసుకోవాలని ఆవిడ గ్రహించింది. ఈ ఘట్టానికి రావలసినంత పేరు రాలేదని నాకనిపిస్తుంది.

నొప్పులు పడుతూ విమానంలో...

1990 సెప్టెంబరు. పాట్ నిండు గర్భిణి. పెన్సిల్వేనియాలోని మకుంజీ అనే ఊళ్ళో మిషెల్ మార్సినియాక్ అనే అమ్మాయిని జట్టులోకి రమ్మని అడగడానికి చిన్న విమానంలో వెళ్ళింది. ఆ ప్రయాణంలోనే ఉమ్మనీరు పోయింది. అయినా ఆ ఇంటికి వెళ్ళి కూర్చుని, చెప్పవలసిన మాటలు చెప్పి, అప్పుడు తిరుగు ప్రయాణమైంది.

దారిలో నొప్పులు ఎక్కువయ్యాయి. పైలట్ కంగారుపడి వర్జీనియాలో దించుతానన్నాడు. ఆవిడ ససేమిరా అంది. కారణం వింటే ఆవిడ ఎలాంటి మనిషో తెలుస్తుంది. ఆ మార్చిలోనే వర్జీనియా జట్టు టెనెసీని ఓవర్‌టైమ్‌లో ఓడించింది. ఆ ఏడాది చివరి నాలుగు జట్ల పోటీ టెనెసీ సొంత ఊరు నాక్స్‌విల్‌లో జరుగుతుంటే, సొంత ఊళ్ళో ఆడే భాగ్యం లేకుండా చేసిన రాష్ట్రం అది. తన బిడ్డ అక్కడ పుట్టడానికి వీల్లేదంది. కొడుకు టైలర్ నాక్స్‌విల్‌లోనే పుట్టాడు.

ఆ మిషెల్ ముందు వేరే కాలేజీలో చేరి, తర్వాత టెనెసీకి మారింది. 1996లో జట్టు టైటిల్ గెలిచినప్పుడు చివరి నాలుగు జట్ల పోటీలో అత్యుత్తమ క్రీడాకారిణిగా నిలిచింది.

"రీబౌండ్!" అని ఎందుకు అరిచేవాళ్ళంటే

పాట్ ప్రాక్టీసులో ఒక పద్ధతి పెట్టింది. తప్పు చేసిన అమ్మాయికి కోచ్ దిద్దుబాటు చెప్పగానే ఆ అమ్మాయి "రీబౌండ్" (బుట్టలో పడక తిరిగొచ్చిన బంతిని అందుకోవడం) అనాలి. మెచ్చుకోగానే "టూ పాయింట్స్" అనాలి. చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది గాని, కాస్త ఆలోచిస్తే దాని బలం అర్థమవుతుంది. తిట్టు తగిలిన పిల్ల మొహం వేలాడేసుకుని మూలకి పోయే వీలుండదు. విన్నాను, అందుకున్నాను, మళ్ళీ వేస్తాను అని నోటితో ఒప్పుకోవాలి. మెప్పు విషయంలోనూ అంతే. ఒప్పుకోకుండా సిగ్గుపడి తల దించుకుంటే కుదరదు. కోచ్ చెప్పింది చేరిందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇంకోటి. ప్రాక్టీసులో తన జట్టుకి ఎదురు నిలబెట్టింది ఎవరినో తెలుసా? కాలేజీలో చదువుకునే మామూలు మగపిల్లల్ని. ఎత్తూ బలమూ వేగమూ ఎక్కువున్న వాళ్ళతో రోజూ ఆడినవాళ్ళకి మ్యాచ్ రోజున ఎదుటి జట్టు కొండలా కనపడదు. తర్వాత ఈ పద్ధతి దేశమంతా పాకింది.

పది ఓటములతో కప్పు

1997లో టెనెసీ 10 మ్యాచ్‌లు ఓడిపోయి కూడా జాతీయ విజేత అయింది. చాలామంది కోచ్‌లు బలహీన జట్లతో ఎక్కువ మ్యాచ్‌లు పెట్టుకుని రికార్డు అందంగా ఉంచుకుంటారు. పాట్ దారి అది కాదు. దేశంలో బలమైన జట్లన్నింటితో సీజన్ మొదట్నుంచీ ఆడించేది. డిసెంబరులో, జనవరిలో తిన్న దెబ్బలే మార్చి నాకౌట్లకి తయారీ. ఆ మరుసటి ఏడాది షమీక్వా హోల్డ్‌స్క్లా, టమీకా క్యాచింగ్స్, సమీకా రాండల్ ఆడిన జట్టు 39 మ్యాచ్‌లు ఆడి 39 గెలిచింది. వినికిడి లోపంతో పుట్టిన టమీకా తర్వాత ఒలింపిక్స్‌లో నాలుగు బంగారు పతకాలు సాధించింది.

అంతకు ముందూ ఇదే తీరు. 1995 జనవరిలో టీవీ వాళ్ళు ఒక పెద్ద మ్యాచ్ కోసం జట్లని అడిగితే, కనెక్టికట్ విశ్వవిద్యాలయ జట్టు మీద ఆడటానికి ఒప్పుకున్నది పాట్. తన షెడ్యూలు అప్పటికే గట్టిగా ఉంది. అయినా మహిళల ఆటకి మంచిదని ఒప్పుకుంది. ఆ మ్యాచ్ ఓడిపోయింది. ఆ ఏడాది ఏప్రిల్లో ఫైనల్ కూడా వాళ్ళ చేతిలోనే ఓడిపోయింది. కానీ అమెరికాలో మహిళల బాస్కెట్‌బాల్ అంటే జనం టీవీల ముందు కూర్చోవడం ఆ రెండు జట్ల పోటీతోనే బలపడింది. తన జట్టు నష్టపోయినా ఆటకి లాభం అనుకోగలిగిన కోచ్‌లు అరుదు.

పురుషుల జట్టు ఇస్తామంటే...

ఆవిడ విశ్వవిద్యాలయమే ఒకటికి రెండుసార్లు పురుషుల జట్టుకి కోచ్‌గా రమ్మని అడిగింది. అది పైమెట్టు ఎలా అవుతుందని అడిగి వద్దంది. 250 డాలర్ల దగ్గర మొదలైన జీతం 2006లో ఏడాదికి పది లక్షల డాలర్లు దాటింది. మహిళల బాస్కెట్‌బాల్‌లో ఆ గీత దాటిన మొదటి కోచ్ ఆవిడే. చూసేవాళ్ళకీ కొదవ లేదు: 1987 డిసెంబరులో టెక్సస్‌తో జరిగిన మ్యాచ్‌కి నాక్స్‌విల్‌లో 24,563 మంది వచ్చారు.

ఒలింపిక్స్ సంగతి క్లుప్తంగా: 1976 మాంట్రియల్‌లో క్రీడాకారిణిగా వెండి, 1984 లాస్ ఏంజెలెస్‌లో అమెరికా కోచ్‌గా బంగారం.

చివరి సీజన్

2011 ఆగస్టులో తనకి అల్జైమర్స్ వచ్చిందని పాట్ అందరికీ చెప్పింది. వయసు 59. దాచుకోలేదు, వెంటనే తప్పుకోనూ లేదు. సహాయ కోచ్‌లు ఎక్కువ భారం మోయగా ఆ సీజన్ మొత్తం జట్టుతోనే ఉంది. జట్టు చివరి ఎనిమిదిలోకి చేరింది. 2012 ఏప్రిల్లో బాధ్యతని హాలీ వార్లిక్‌కి అప్పగించింది. ఒకప్పుడు పాట్ దగ్గర ఆడి, తర్వాత చాలా ఏళ్ళు పక్కనే సహాయకురాలిగా ఉన్న మనిషి ఆమె. పాట్ 2016 జూన్ 28న, 64 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. ఆవిడ పేరిట ఏర్పడ్డ ఫౌండేషన్ అల్జైమర్స్ పరిశోధనకి తోడ్పడుతోంది.

ట్రోఫీల అలమరలో లేని రికార్డు

పాట్ కాలంలో టెనెసీ జట్టులో ఉన్న అమ్మాయి క్లాసులో మొదటి మూడు వరసల్లోనే కూర్చోవాల్సి వచ్చేది. సరైన కారణం లేకుండా క్లాసు ఎగ్గొడితే మ్యాచ్ ఆడనిచ్చేవారు కాదు. ఎంత పెద్ద స్టార్ అయినా సరే, ఎదుట ఎంత పెద్ద జట్టున్నా సరే. నియమం పెట్టడం తేలిక. కీలకమైన మ్యాచ్ ముందు రోజు దాన్ని అమలు చేయడమే కష్టం. పాట్ అమలు చేసేది.

ఫలితం ఇది: ఆవిడ దగ్గర టెనెసీలో ఆడే కాలం పూర్తి చేసుకున్న ప్రతి క్రీడాకారిణీ డిగ్రీ అందుకుంది. 38 ఏళ్ళలో ఒక్కరు కూడా మినహాయింపు కాదు. ఎనిమిది కప్పుల రికార్డుని తర్వాతివాళ్ళు దాటారు, 1098 విజయాలనీ దాటారు. నా దృష్టిలో ఆవిడ రికార్డుల్లో అన్నిటికన్నా పెద్దది ఈ డిగ్రీలదే.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఆట మీద ప్రాణం పెట్టుకున్న పిల్ల ఉంటే, అకాడమీలో చేర్పించే ముందు కోచ్‌ని ఎన్ని పతకాలు వచ్చాయని తప్పక అడగండి. దానితోపాటు ఇంకో ప్రశ్న కూడా వేయండి: మీ దగ్గర ఆడిన పిల్లల్లో ఎంతమంది చదువు పూర్తి చేశారు?