‘పాస్‌వర్డ్ ఆయనే చెప్పిండు కదా సార్!’

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే మన పాలమూరు వైపు ఆత్మకూరులోనైనా, అమరచింతలోనైనా నెట్ సెంటర్లకు గిరాకీ పెరుగుతుంది. డిగ్రీ సీటుకు దోస్త్ దరఖాస్తు, వెబ్ ఆప్షన్లు, స్కాలర్‌షిప్, మధ్యలో నాన్న బ్యాంకు కేవైసీ. ఫోన్ నంబరు, పాస్‌వర్డ్, ఓటీపీ అన్నీ కౌంటరు అవతలి మనిషికి నలుగురూ వినేలా చదివి చెప్పడం మనకు మామూలైపోయింది. కంప్యూటర్ నేరాల మీద మనకున్న అపోహల్లో సగం ఈ అలవాటు నుంచే పుట్టాయి.

అన్నిటికన్నా గట్టిది ఇది: పాస్‌వర్డ్ తనంతట తనే చెప్పాడు, ఇక కేసెక్కడిది? సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ చూసేది యజమాని అనుమతిని. కంప్యూటర్లోకి వెళ్లడానికే కాదు, అందులోంచి కాపీ చేయడానికీ, ఉన్నదాన్ని మార్చడానికీ, చెరిపేయడానికీ ఆ అనుమతి కావాలి. ఫీజు కట్టడానికని పిల్లవాడి పాస్‌వర్డ్ తీసుకున్న కాలేజీ ఏజెంటు, రాత్రికి మళ్లీ లాగిన్ అయి తమ కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టాడనుకుందాం. అనుమతి ఇచ్చింది ఫీజు వరకే. మోసపు బుద్ధితో ఇతరుల పాస్‌వర్డ్ వాడితే 66సీ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ‘ఆయనే చెప్పిండు’ అనేది అక్కడ పనికొచ్చే జవాబు కాదు.

దీనికి సరిగ్గా ఎదురు అపోహ కూడా ఉంది. అడగకుండా ఎవరి ఫోన్ ముట్టుకున్నా మూడేళ్లు జైలేనని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అదీ నిజం కాదు. చట్టం ఇక్కడ రెండు మెట్లు కట్టింది. అనుమతి లేకుండా చేసిన పనికి 43వ సెక్షన్ కింద నష్టపరిహారం అడగవచ్చు. ఐదు కోట్ల రూపాయల వరకు ఉన్న దావాలను విచారించే అధికారి రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శే. అదే పని వంచనతోనో, మోసంతోనో చేస్తేనే 66వ సెక్షన్ కింద నేరమవుతుంది: మూడేళ్ల వరకు జైలు, లేదా ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. అన్న ఫోన్ తీసి తమ్ముడు పాటలు వింటే జైలుకు పోడు. అదే ఫోన్‌లో అన్న పిన్ కొట్టి తన ఖాతాకు డబ్బు పంపుకుంటే లెక్క మారిపోతుంది. భార్యాభర్తల సంగతేమిటని చాలామంది అడుగుతారు. ఒకరి ఫోన్ ఒకరు తెరవచ్చని ఈ చట్టంలో వాళ్లకు ప్రత్యేకంగా మినహాయింపేమీ రాసి లేదు.

‘ఫోన్ వేరు, కంప్యూటర్ వేరు’ అనే వాదన ఊళ్లోనే కాదు, హైకోర్టులోనూ వినబడింది. 2003లో రిలయన్స్ ఇన్ఫోకామ్ సుమారు పదివేల ఐదువందల విలువైన హ్యాండ్‌సెట్‌ను 3,350 రూపాయలకే ఇచ్చింది. మూడేళ్లపాటు తమ కనెక్షనే వాడాలన్నది షరతు. ఫోన్ ఆ నెట్‌వర్క్‌కు కట్టేసి ఉంటుంది. టాటా ఇండికామ్ ఉద్యోగులు ఆ ఫోన్లలోని ఎలక్ట్రానిక్ సీరియల్ నంబరును మార్చి ఖాతాదారులను తమవైపు తిప్పుకుంటున్నారని కేసు పడింది. దాన్ని కొట్టేయమని వాళ్లు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. ఫోన్ కంప్యూటర్ కిందికి రాదన్నది వాళ్ల వాదనల్లో ఒకటి. 2005లో కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. మోసం, కుట్ర లాంటి ఐపీసీ సెక్షన్లను కొట్టేసింది కానీ, సోర్స్ కోడ్‌ను మార్చడం గురించిన 65వ సెక్షన్‌ను, కాపీరైట్ చట్టపు సెక్షన్‌ను ఉంచింది. వాళ్లు దోషులని తేల్చలేదు, దర్యాప్తు సాగాలంది, అంతే. సైయద్ ఆసిఫుద్దీన్ కేసుగా ఇది దేశమంతటి లా విద్యార్థులకు పాఠం. చట్టాన్ని సవరించి సెల్‌ఫోన్‌ను పేరు పెట్టి మరీ చేర్చింది ఆ తర్వాతే. ఆ సవరణలు 2009 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చాయి.

నెట్‌లో అందరికీ కనబడేదాన్ని వాడుకుంటే తప్పేమిటన్నది ఇంకో మాట. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేయించాడని, వాటిలోని ఆధార్ నంబర్లతో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని హైదరాబాద్ పోలీసులు కేసు పెట్టారు. దస్తావేజు కనబడటం వేరు, అందులోని రైతు వేలితో సంతకం పెట్టడం వేరు. 66సీ పాస్‌వర్డ్‌తో ఆగలేదు. మనిషిని గుర్తుపట్టే ఏ ప్రత్యేక ఆనవాలైనా అందులోకి వస్తుంది. దస్తావేజులను వేలిముద్రలతో సహా బయటపెట్టిన శాఖ తప్పెంత అన్నది నాకైతే అంతకన్నా పెద్ద ప్రశ్న.

ఎక్కడో కూర్చుని చేసేవాడు దొరకడనీ అంటారు. 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌లోని సమాచారమే దొంగల పాలై అమ్మకానికి వచ్చింది. కొద్దిరోజుల్లోనే ఒక యువకుణ్ణి ఢిల్లీ ప్రాంతంలో పట్టుకున్నారు. ఇక దేశం బయటి నుంచి చేసినా, ఇక్కడి కంప్యూటర్‌కు సంబంధించిన నేరమైతే 75వ సెక్షన్ ప్రకారం మన చట్టం వర్తిస్తుంది. పట్టుకోవడం కష్టమే, కాదనను.

కానీ ముందు దొరికేది ఆ దూరపు వాడు కాదు. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేష్ బ్యాంకు సర్వర్లోకి చొరబడి సుమారు 12 కోట్లు తరలించారు. దారి తెరిచింది సిబ్బందికి వచ్చిన మామూలు ఈమెయిళ్లే. డబ్బు వందలాది ఖాతాల్లోకి చీలిపోయింది. అరెస్టయిన వాళ్లలో కమీషన్ కోసం ఖాతాలు ఇచ్చినవాళ్లున్నారు. ‘నా ఖాతా ఇచ్చిన, నేనేం హ్యాక్ చేయలే’ అనే కుర్రాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

ఫేస్‌బుక్‌లో తిట్టాడని ఇదే చట్టంలోని 66ఏ సెక్షన్ కింద కేసు పెట్టమనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది.

ఫిర్యాదు విషయానికొస్తే, ‘మా పరిధి కాదు, పాలమూరు పో’ అని పంపితే ఏం చేయలేమనుకుంటారు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చు. మన ఆత్మకూరు అనుకుని నంద్యాల జిల్లా ఆత్మకూరు ఠాణాకు పోయినా తీసుకోవలసిందే. దర్యాప్తు మాత్రం ఇన్‌స్పెక్టర్, ఆపై హోదా వాళ్లే చేయాలి. డబ్బు పోయినప్పుడు ఠాణాకు బయల్దేరకముందే 1930కు ఫోన్ చేయడం మేలు, డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే వీలు అక్కడుంది.

చివరిది, పెద్దమనుషులది: ‘నలుగురం కూర్చుని తెంపేద్దాం.’ మూడేళ్ల వరకు శిక్ష ఉన్న ఈ నేరాల్లో చాలావాటిని రాజీ చేసుకోవచ్చు కానీ, అది కోర్టు ముందే జరగాలి. బాధపడ్డది ఆడమనిషైనా, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలైనా 77ఏ సెక్షన్ కింద ఆ రాజీకీ వీల్లేదు. ఫోన్‌లోంచి ఫొటోలు తీసుకుని అమ్మాయిని బెదిరించిన కేసులో అబ్బాయి తరఫున పంచాయితీకి కూర్చునే ముందు ఈ సెక్షన్ ఒకసారి చదివించుకుంటే సరి.