రవ్వలు రాలిపోతాయి, ధూళి తేలుతూనే ఉంటుంది

హైదరాబాద్ బాలానగర్‌లోనైనా, బెంగళూరు పీణ్యాలోనైనా డైలు, అచ్చులు తయారుచేసే చిన్న వర్క్‌షాపుల్లో సర్ఫేస్ గ్రైండర్ తప్పనిసరి. అయస్కాంత చక్ పట్టి ఉంచిన ఉక్కు పలక ముందుకూ వెనక్కూ కదులుతుంటే, పైన గ్రైండింగ్ వీల్ గిర్రున తిరుగుతూ దాన్ని కొద్దికొద్దిగా అరగదీస్తుంది. 200 మిల్లీమీటర్ల వీల్ నిమిషానికి 2,850 సార్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు దాదాపు 30 మీటర్లు. అంటే గంటకు వంద కిలోమీటర్ల పైమాటే!

ఆ వేగానికి ఎగిరిపడే రవ్వలే అందరి కంటా పడతాయి. నిజానికి ఊపిరితిత్తులకు వాటితో పెద్ద చిక్కు లేదు. బరువైనవి కాబట్టి త్వరగా రాలిపోతాయి. రేణువు చిన్నదయ్యే కొద్దీ లెక్క మారుతుంది. స్టోక్స్ సూత్రం ప్రకారం, వ్యాసం పదో వంతుకు తగ్గితే రేణువు కిందికి దిగే వేగం వందో వంతుకు పడిపోతుంది. గాలి కదలకుండా ఉందనుకుంటే, ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి 10 మైక్రోమీటర్ల ఇనుప రేణువు ఒక నిమిషంలో నేలకు చేరుతుంది. 1 మైక్రోమీటరు రేణువుకు సుమారు గంటన్నర కావాలి. వీల్ నుంచి ఊడే అల్యూమినియం ఆక్సైడ్ ఇంకా తేలిక, దానికి మూడు గంటలు. ఊపిరితిత్తుల లోతుకు చేరేవి ఈ సన్న రేణువులే. టంగ్‌స్టన్ కార్బైడ్‌ను గ్రైండ్ చేసే చోట ధూళిలో కోబాల్ట్ కూడా కలుస్తుంది, అది మరింత హానికరం.

పరిష్కారం ఏమిటంటే చాలామంది ఎగ్జాస్ట్ ఫ్యాన్ చూపిస్తారు. కొవ్వొత్తిని దూరం నుంచి ఊది ఆర్పగలం. అదే దూరం నుంచి గాలి పీల్చి ఆర్పగలమా? పీల్చే గాలి అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి గొట్టం మూతికి కాస్త దూరం జరిగితే చాలు, బలం పోతుంది. గొట్టం వ్యాసమంత దూరంలో గాలి వేగం పదో వంతుకు అటూ ఇటూగా మిగులుతుంది. అందుకే సక్షన్ మూతి రవ్వలు ఎగిరే వైపు, వీల్‌కు వీలైనంత దగ్గరగా ఉండాలి. ధూళి పుట్టే చోటుకు దగ్గరలోనే దాన్ని లాగేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ ఏనాడో చెప్పింది.

కూలెంట్ వాడితే ధూళి బాగా తగ్గుతుంది గానీ సన్నని తుంపర లేస్తుంది. పైగా ఎండిన మడ్డి మళ్లీ ధూళే. డైమండ్ డ్రెస్సర్‌తో వీల్‌ను సరిచేసేటప్పుడు రాతి పొడి ఒక్కసారిగా రేగుతుంది. చాలాచోట్ల ఆ పని కూలెంట్ లేకుండానే చేస్తారు. సక్షన్ అసలు అవసరం అప్పుడే.

పని అయ్యాక చక్‌ను ఎయిర్‌గన్‌తో ఊదడం మరో అలవాటు. పట్టుకున్న ధూళిని తిరిగి గాలిలోకి వదలడమే అది. ఆ పొడి మెషిన్ స్లైడ్లలోకి దూరి వాటినీ అరగదీస్తుంది. తడిగుడ్డ మేలు. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ పనికిరాదు. లోపలికి వెళ్లిన ఒక్క నిప్పురవ్వ సంచిని అంటించవచ్చు. అందుకే కలెక్టర్‌లో ఫిల్టర్ కంటే ముందు రవ్వలు చల్లారే ఏర్పాటు ఉండాలి. అల్యూమినియం పొడిని ఇనుప పొడితో కలపనే కూడదు, అది పేలే ప్రమాదం ఉంది.

ఇక మాస్కు చివరి రక్షణ మాత్రమే.

సక్షన్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. వెలుతురు తగ్గిన వేళ వీల్ వెనక నుంచి టార్చి వేయించి, కంటికి నేరుగా తగలకుండా ఎదురు వైపు కాస్త దూరంలో నిలబడితే, అంతవరకు కనిపించని ధూళి పొగలా మెరుస్తుంది. మెషిన్ ఆపి గొట్టాన్ని రెండంగుళాలు దగ్గరకు జరిపి మళ్లీ చూస్తే తేడా తెలుస్తుంది.