ఓడ పొడవు, కెరటం పొడవు

1861 సెప్టెంబరులో గ్రేట్ ఈస్టర్న్ అనే ఓడ ఐర్లండ్‌కు పడమటి దిక్కున పెద్ద తుఫానులో చిక్కుకుంది. దాని పొడవు 211 మీటర్లు. అంతకుముందు అంత పెద్ద ఓడ నీళ్ల మీద తేలిందే లేదు. ఇంత భారీ ఓడను కెరటాలు ఏం చేస్తాయిలే అన్న ధీమా అప్పట్లో చాలామందికి ఉండేది. తుఫాను దెబ్బకు చుక్కాని విరిగింది, పక్కలనున్న తెడ్డు చక్రాలు ఊడిపోయాయి. అదుపు తప్పిన ఓడ కెరటాలకు అడ్డంగా తిరిగి ఆ పక్కకూ ఈ పక్కకూ దొర్లసాగింది. లోపల సామాను ఎగిరిపడింది, ప్రయాణికులకు దెబ్బలు తగిలాయి.

ఓడలు ఎందుకు ఊగుతాయన్న దాని మీద విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు లెక్కలతో సహా ఒక పత్రం సమర్పించింది కూడా ఆ ఏడాదే. గ్రేట్ ఈస్టర్న్‌కు రూపకల్పన చేసిన బ్రూనెల్ అడగబట్టే ఆయన ఈ పని మొదలుపెట్టాడు. ప్రతి ఓడకూ తనదైన ఊగే లయ ఒకటి ఉంటుందనీ, వచ్చే కెరటాల లయ దానితో కలిస్తే ఎంతటి ఓడైనా ఊగక తప్పదనీ ఆయన తేల్చాడు.

క్రూయిజ్‌కు పెద్ద ఓడ మేలా, చిన్న ఓడ మేలా అని అడిగేవాళ్లు ఇప్పుడు మన ఇళ్లలోనూ ఉన్నారు. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో స్థిరపడిన పిల్లలు అమ్మానాన్నలను గాల్వెస్టన్ రేవు నుంచి సముద్రయానానికి తీసుకెళ్తున్నారు. 2022 జూన్‌లో కార్డీలియా ఎంప్రెస్ అనే క్రూయిజ్ ఓడ విశాఖకు వచ్చినప్పుడు ఇక్కడా సందడి కనిపించింది. దాని పొడవూ 211 మీటర్లే. ఒకప్పుడు లోకాన్ని నివ్వెరపరచిన కొలత ఇవాళ మధ్యరకం కింద లెక్క. 2024 జనవరిలో మయామి నుంచి తొలిసారి బయల్దేరిన ఐకాన్ ఆఫ్ ది సీస్ పొడవు 365 మీటర్లు. అందులో గరిష్ఠంగా 7,600 మంది ప్రయాణికులు పడతారు.

ఈ ఓడల గురించి చెప్పేటప్పుడు ముందుగా వినిపించేది టన్నేజీ. ఐకాన్‌ది రెండు లక్షల నలభై ఎనిమిది వేలు దాటింది. అది బరువు కాదు. 1969 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఓడ లోపలున్న మూసిన చోటంతా ఎన్ని ఘనపు మీటర్లో కొలిచి, ఒక సూత్రంలో పెట్టి రాబట్టే అంకె. అందుకే నా మాటగా చెబితే, టన్నేజీని ఒక్కదాన్నే చూడకండి, ప్రయాణికుల సంఖ్యతో భాగించి చూడండి. ఐకాన్‌లో గదికి ఇద్దరు చొప్పున 5,610 మంది అనుకుంటే మనిషికి 44 వస్తుంది. మంచుసముద్రాల్లోకి వెళ్లే ల కొమాండాన్ షార్కో టన్నేజీ సుమారు 30 వేలే గానీ ఎక్కేది 245 మంది, అంటే మనిషికి 120 దాటుతుంది. ఓడ చిన్నదైనంత మాత్రాన ఇరుకు అనుకోనక్కర్లేదు.

ఇక కెరటాల సంగతి. లోతైన నీళ్లలో కెరటం పొడవు, అంటే ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి దూరం, తేలికగా లెక్కకు అందుతుంది. రెండు శిఖరాల మధ్య గడిచే సెకన్లను అదే అంకెతో హెచ్చవేసి, వచ్చినదాన్ని 1.56తో గుణిస్తే మీటర్లు వస్తాయి. దగ్గర్లో వీచే గాలికి లేచే ఆరు సెకన్ల కెరటం పొడవు 56 మీటర్లు. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టి మన దాకా వచ్చే పదిహేను సెకన్ల కెరటం పొడవు 351 మీటర్లు.

దుక్కి దున్నిన చేలో నిచ్చెనను చాళ్లకు అడ్డంగా పడేస్తే నాలుగైదు గట్ల మీద ఆని కదలకుండా ఉంటుంది. అదే చాళ్లలో ఇటుక పెడితే ఒరిగిపోతుంది. 56 మీటర్ల కెరటాల మీద 365 మీటర్ల ఓడ తీరు నిచ్చెనదే. ఒకేసారి ఆరు కెరటాల మీద ఆనుతుంది గనుక ఏ ఒక్కటీ దాన్ని ఎత్తలేదు. 60 మీటర్ల ఓడ మాత్రం ప్రతి కెరటంతోనూ ముక్కు ఎత్తి దించుతుంది.

ఇక్కడే మన శరీరం సంగతి కలుస్తుంది. అమెరికాలో ఓ'హన్లన్, మెకాలీ అనే ఇద్దరు పరిశోధకులు మనుషులను పైకీ కిందికీ కదిలే గదిలో కూర్చోబెట్టి పరీక్షించి, 1974లో ఫలితాలు ప్రకటించారు. కడుపులో ఎక్కువగా తిప్పేది మరీ వేగంగా కదిలితేనో మరీ నిదానంగా కదిలితేనో కాదు, సుమారు అయిదారు సెకన్లకు ఒకసారి లేచిపడితే. లోపలి చెవిలోని సమతూక వ్యవస్థ ఒకటి చెబుతుంటే, క్యాబిన్ గోడలను చూస్తున్న కళ్లు ఇంకొకటి చెబుతాయి. ఆ పొంతన కుదరకపోవడమే వికారానికి మూలమని శాస్త్రజ్ఞుల మాట. చిన్న ఓడను మామూలు గాలి కెరటాలు ఎత్తిదించే వేగం సరిగ్గా ఈ అయిదారు సెకన్ల దగ్గర పడుతుంది. పదిహేను సెకన్ల కెరటానికి ఐకాన్ అంతటి ఓడ కూడా కాస్త తూగవచ్చు గానీ ఆ నిదానానికి కడుపు అంతగా ఎదురుతిరగదు.

ఓడ వేగాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. పన్నెండు సెకన్ల కెరటాలకు ఎదురుగా గంటకు 37 కిలోమీటర్లు, అంటే 20 నాట్ల వేగంతో పోతే అవి ఎనిమిది సెకన్లకొకటి చొప్పున తగులుతాయి. అవే కెరటాలు వెనక నుంచి వస్తే 27 సెకన్లకొకటి. కెప్టెన్ రాత్రివేళ వేగం తగ్గించినా, దారి కాస్త మళ్లించినా ప్రయాణికుల కడుపులు ఎందుకు కుదుటపడతాయో ఈ లెక్కే చెబుతుంది.

పక్కలకు ఊగడం వేరే కథ. అపార్ట్‌మెంట్లంత ఎత్తున అంతస్తులు లేచిన ఓడ తొమ్మిది మీటర్ల లోతు మాత్రమే నీళ్లలో దిగి ఎలా నిలబడుతుందని ఎవరికైనా సందేహం రావాలి. ఇంజన్లు, ఇంధనం, నీళ్ల ట్యాంకులు అన్నీ అడుగునే ఉంటాయి. ఓడ ఒరిగినప్పుడు ఆ పక్క నీళ్లలో మునిగిన భాగం పెరిగి, నీటి తోపుడు అటు జరిగి ఓడను నిలబెడుతుంది. వెడల్పు పెరిగేకొద్దీ ఈ నిలబెట్టే బలం పెరుగుతుంది. అయితే ఆ బలం మరీ ఎక్కువైతే ఓడ విసురుగా వెనక్కి లేస్తుంది, నిలుచున్నవాళ్లు పడతారు. అందుకని ఒకసారి ఊగి రావడానికి దాదాపు 20 సెకన్లు పట్టేలా ఆ బలాన్ని అదుపులో పెట్టి క్రూయిజ్ ఓడలను రూపొందిస్తారు. పక్కల నుంచి నీళ్లలోకి చాచే స్టెబిలైజర్ రెక్కలు మిగతా ఊపును అణుస్తాయి. వాటి బలం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వేగం సగమైతే బలం పావు వంతుకు పడిపోతుంది. లంగరు వేశాక మామూలు రెక్కలు పనిచేయవు. ముందుకీ వెనక్కీ తూగడాన్ని అవి ఎప్పుడూ పెద్దగా ఆపలేవు.

ఇంతవరకు చూస్తే పెద్ద ఓడదే పైచేయి. తీరానికి దగ్గరయ్యేకొద్దీ లెక్క తిరగబడుతుంది. ఓడ పక్కభాగం వైశాల్యం 15 వేల చదరపు మీటర్లు అనుకుందాం. గంటకు 54 కిలోమీటర్ల గాలి దానిని పక్కనుంచి రెండు వందల టన్నుల బరువుకు సమానమైన బలంతో నెడుతుంది. గాలి ఎక్కువగా ఉన్న రోజు పెద్ద ఓడలు కొన్ని రేవులను వదిలేసి వెళ్లిపోవడానికి ఇదొక కారణం. వెనిస్ నగరం మధ్య నుంచి పోయే కాలువలో 180 మీటర్ల పొడవు గానీ, 25 వేల టన్నేజీ గానీ, 35 మీటర్ల ఎత్తు గానీ దాటిన ఓడలకు 2021 ఆగస్టు నుంచి ప్రవేశం లేదు. వారణాసి నుంచి దిబ్రూగఢ్ దాకా 3,200 కిలోమీటర్లు నడిచిన గంగా విలాస్ అనే నది ఓడ పొడవు 62 మీటర్లు, నీళ్లలో దిగేది 1.4 మీటర్లే. సముద్రపు ఓడ ఆ నదుల ఇసుకమేటల మధ్య అంగుళం కదలదు.

అంటార్కిటికాలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడలు ఎవరినీ ఒడ్డున దించకూడదు. ఒక్కో చోట ఒకేసారి ఒడ్డున ఉండగలిగేది వంద మంది. పెద్ద ఓడలో వెళ్తే పెంగ్విన్లను రెయిలింగు దగ్గర నిలబడి దూరం నుంచి చూడాల్సిందే. చిన్న ఓడలో వెళ్తే ఒడ్డుకు దిగి వాటిని కాస్త దగ్గర నుంచి చూడొచ్చు గానీ, ముందు ఆ చిన్న ఓడలోనే దారిలో ఉన్న అల్లకల్లోలపు డ్రేక్ జలసంధి దాటాలి. ఆ ఓడల నడవాల్లో చేతిపట్టీల వెనక వరసగా కాగితపు సంచులు దోపి ఉంచుతారు. అవి వాంతుల కోసమే. ఈ ఓడల్లో మొదటిది అనదగ్గ ఎక్స్‌ప్లోరర్ 2007 నవంబరు 23న మంచు తగిలి మునిగింది. చుట్టుపక్కల వేరే ఓడలు ఉండటం, సముద్రం నెమ్మదిగా ఉండటం వల్ల 154 మందీ బతికారు.

రోగాల విషయంలోనూ పెద్ద ఓడకు ఇబ్బంది ఉన్న మాట నిజం. 2020 ఫిబ్రవరిలో డైమండ్ ప్రిన్సెస్ అనే క్రూయిజ్ ఓడలో ఉన్న 3,711 మందిలో 712 మందికి కోవిడ్ సోకింది.

ఇవన్నీ చూశాక నేను ఓడ కన్నా ముందు దారినీ నెలనూ చూడమంటాను. తొలిసారి ఎక్కే పెద్దవాళ్లతో నడిసముద్రం దాటాలంటే పొడవైన ఓడే ఎంచుకోండి. తీరమే చూడాలనుకుంటే చిన్నది ఎంచుకోండి. బంగాళాఖాతంలో నైరుతి రుతుపవనాల నెలల్లో మాత్రం చిన్న ఓడ వద్దు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ కేంద్రం రోజూ సముద్రపు సూచనలు ఇస్తుంది. వాటిలో కెరటం ఎత్తుతోపాటు సెకన్ల అంకె కూడా ఉంటుంది. రెండు మీటర్ల ఎత్తున్నా అది పన్నెండు సెకన్లయితే ఒక తీరు, ఆరయితే ఇంకో తీరు. టికెట్ కొనేటప్పుడు గది నడిమధ్యన, కింది అంతస్తుల్లో ఇమ్మని అడగండి. ముక్కు తూగినప్పుడు చివర్లు ఎక్కువ లేస్తాయి, పక్కకు ఊగినప్పుడు పై అంతస్తులు ఎక్కువ జరుగుతాయి. బాల్కనీ ఉన్న పైగదికి ఎక్కువ డబ్బు తీసుకుంటారు గానీ, గాలి లేచిన రాత్రి నిద్రపట్టేది కింది గదిలోనే.