పదో మనిషి సంచి

2005 జులై 7న లండన్‌లో మూడు భూగర్భ రైళ్లలో, ఒక బస్సులో బాంబులు పేలి 52 మంది చనిపోయారు. రెండు వారాలకే అక్కడ మళ్లీ దాడికి ప్రయత్నించారు, ఆ బాంబులు పేలలేదు. ఆ వెంటనే న్యూయార్క్ పోలీసులు సబ్‌వే స్టేషన్లలో ప్రయాణికుల సంచులు తెరిచి చూడటం మొదలుపెట్టారు.

రోజూ లక్షలాది మంది ఎక్కే రైళ్లలో అందరినీ తనిఖీ చేయడం కుదరదు. అందుకే రద్దీని బట్టి పై అధికారి ఒక అంకె చెబుతాడు: ఐదుగురిలో ఒకరు, లేదా పదిమందిలో ఒకరు. గేటు దగ్గరి పోలీసు ఆ లెక్క ప్రకారమే ఆపాలి. వెతకాల్సింది పేలుడు పదార్థాల కోసమే. కాగితాలు చదవకూడదు, పేరూ ఊరూ అడగకూడదు. వద్దన్నవాళ్లు వెళ్లిపోవచ్చు, కానీ రైలెక్కనివ్వరు.

హైదరాబాద్ మెట్రోలో అందరి సంచులూ స్కానర్‌లోంచే వెళ్తాయి కాబట్టి ‘నన్నే ఎందుకు ఆపారు’ అనే ప్రశ్న రాదు. కొందరినే ఆపే చోట మొదట వచ్చేది అదే.

అసమంజసమైన సోదాలను అమెరికా రాజ్యాంగం నాలుగో సవరణ నిషేధిస్తుంది. దాని ఆధారంగా పౌరహక్కుల సంఘం ఒకటి కోర్టుకెక్కింది. వద్దన్నవాడు మరో గేటు నుంచి రాగలిగినప్పుడు ఈ తనిఖీ వల్ల భద్రత ఏమిటని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అయినా 2006 ఆగస్టులో అప్పీళ్ల కోర్టు పోలీసులనే సమర్థించింది. ఇది మామూలు నేరాల వేట కాదని, ఉగ్రదాడిని ఆపడం ప్రత్యేక అవసరమని, తనిఖీ ఎక్కడుంటుందో తెలియకపోవడమే దాడి చేసేవాళ్లకు అడ్డంకి అని చెప్పింది.

నా దృష్టిలో ఈ తనిఖీని భరించదగినదిగా చేసినవి రెండే: ఆ అంకె, ఆ ఉద్దేశం. అంకె లేకపోతే ఏమవుతుందో బ్రిటన్ చూపించింది. అక్కడి 2000 నాటి ఉగ్రవాద చట్టం 44వ సెక్షన్ ప్రకారం, అనుమతి ఉన్న ప్రాంతంలో పోలీసు ఏ అనుమానమూ లేకుండానే ఎవరినైనా ఆపి వెతకగలిగేవాడు. ఎవరిని ఆపాలన్నది అతని ఇష్టంగా ఉండేది. నల్లజాతీయులను, ఆసియా సంతతివారిని జనాభాలో వారి వాటాకు మించి ఆపారు. ఒక్క ఏడాదిలో లక్షకు పైగా సోదాలు చేస్తే ఉగ్రవాద నేరం కింద ఒక్కరూ అరెస్టు కాలేదు. అవమానపడ్డ లక్షమందికి ఎవరు జవాబు చెబుతారు? 2010 జనవరిలో యూరప్ మానవ హక్కుల కోర్టు ఆ అధికారం వ్యక్తిగత జీవిత హక్కుకు విరుద్ధమని తేల్చింది.

ఇక ఉద్దేశం. కార్లను ఆపి మత్తుమందుల కోసం వెతికే చెక్‌పోస్టులు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది, ఎందుకంటే అది మామూలు నేర నియంత్రణ. 2024 మార్చిలో న్యూయార్క్ గవర్నర్ క్యాతీ హోకల్ 750 మంది నేషనల్ గార్డ్ సైనికులను సబ్‌వేలో సంచుల తనిఖీకి పంపారు. ఈసారి చెప్పిన కారణం బాంబులు కాదు, రైళ్లలో జరుగుతున్న దాడులు, నేరాలు. 2006 నాటి తీర్పు నిలబడింది ఉగ్రదాడి భయం మీద. అదే తీర్పును కత్తిపోట్లకూ దొంగతనాలకూ సాగదీస్తే, రేపు ఏ కారణానికి సంచి విప్పమన్నా కాదనడానికి ప్రయాణికుడికి ఆధారం మిగలదు.