కళ్ళెం లేని గుర్రం

గుర్రం అనగానే మన కన్నుల ముందు కదలాడే రూపాలు కొన్నే. రైల్వేస్టేషను వెలుపల దాణా సంచిలో మూతి దూర్చి నిలబడిన జట్కా గుర్రం ఒకటి. బ్యాండు మేళం నడుమ పెండ్లికొడుకును మోస్తూ బెదురు చూపులు చూసే గుర్రం మరొకటి. చరిత్ర పుస్తకాలలో రాజును వీపున మోస్తూ ముందరి కాళ్ళు పైకెత్తిన గుర్రం ఇంకొకటి. ఈ మూడింటికీ సమానమైన లక్షణం నోటిలోని కళ్ళెం. కళ్ళెం లేని గుర్రం అన్న మాటను అదుపు తప్పిన మనిషిని నిందించడానికే తప్ప మరొక సందర్భంలో మనం వాడము.

కొంతకాలం క్రిందట గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగవేస్తుండగా మా దృష్టి ఒక ఛాయాచిత్రం మీద నిలిచింది. చెట్టు చేమ లేని రాతి గుట్ట అంచున ఒక గుర్రం నిలిచి ఉన్నది. వీపున జీను లేదు, మెడలో తాడు లేదు, కాళ్ళకు లాడాలు లేవు. ఆ బొమ్మను తరగతికి తీసుకువెళ్ళి చూపగా ఒక విద్యార్థి లేచి, "దీని యజమాని ఎవరు సార్?" అని అడిగాడు. ఎవరూ లేరని అప్పటికి చెప్పి ఊరుకున్నాము. ఆ సమాధానం సగమే నిజమని తరువాత చదివిన కొద్దీ తెలిసివచ్చింది. మిగిలిన సగాన్ని ఈ వ్యాసంలో విన్నవించుకుంటున్నాము.

అది అమెరికా సంయుక్త రాష్ట్రాల పడమటి భాగంలో తిరిగే మస్టాంగ్ జాతి గుర్రం. అశ్వజాతి పరిణామం చెందినది ఉత్తర అమెరికా ఖండంలోనే. అక్కడి నుండి అది ఆసియాకు, ఐరోపాకు వ్యాపించింది. అయితే సుమారు 10,000 సంవత్సరాల క్రిందట పుట్టిన గడ్డ మీదనే అది అంతరించిపోయింది. 1493లో కొలంబస్ రెండవ యాత్రలో గుర్రాలు ఓడలెక్కి కరిబియన్ దీవులకు చేరాయి. 1519లో కోర్టెస్ పదహారు గుర్రాలతో మెక్సికో తీరాన దిగాడు. ఆ స్పెయిన్ దేశస్థుల మందల నుండి, తరువాతి కాలంలో రైతుల నుండి, సైనికుల నుండి తప్పించుకున్నవీ, విడిచిపెట్టబడినవీ కలిసి ఎడారి మైదానాలలో మందలుగా పెరిగాయి. దారితప్పిన పశువు అని అర్థమిచ్చే స్పానిష్ పదం నుండి మస్టాంగ్ అన్న పేరు వచ్చింది. కనుక శాస్త్రజ్ఞుల దృష్టిలో ఇవి పుట్టుకతో వన్యమృగాలు కావు, ఇల్లు విడిచి స్వేచ్ఛను పొందిన పెంపుడు జంతువుల సంతానం. వీటిని గూర్చిన నేటి వివాదానికి మూలం ఇక్కడే ఉన్నది. ఇవి సొంత గడ్డకు తిరిగివచ్చిన బిడ్డలని కొందరంటారు, పిలవని అతిథులని మరికొందరంటారు.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ గుర్రాలకు చెడ్డకాలం దాపురించింది. విమానాలతో తరిమి, లారీలతో వెంబడించి, పట్టుకొని కబేళాలకు అమ్మేవారు. ఆ మాంసం కుక్కల ఆహారపు డబ్బాలలోకి చేరేది. 1950లో నెవాడా రాష్ట్రంలోని రీనో నగరానికి ఉద్యోగానికి వెళుతున్న వెల్మా జాన్‌స్టన్ అనే మహిళ, తన ముందు పోతున్న ఒక లారీ నుండి రక్తం కారడం చూసింది. వెంబడించి చూడగా లోపల గాయపడిన గుర్రాలు క్రిక్కిరిసి ఉన్నాయి. ఆమె బాల్యంలో పోలియో వ్యాధికి గురియై వైకల్యం పొందిన వ్యక్తి, ఒక కార్యాలయంలో కార్యదర్శి. అధికారమూ ధనమూ లేని ఆమె ఆనాటి నుండి ఈ మూగజీవుల పక్షాన నిలిచింది. ప్రత్యర్థులు ఆమెను ఎగతాళి చేస్తూ 'వైల్డ్ హార్స్ ఆనీ' అని పేరు పెడితే, ఆమె దానినే బిరుదుగా స్వీకరించింది.

ఇక్కడ ఛాయాచిత్రం చేసిన మేలును ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1951లో గస్ బండీ అనే నెవాడా ఛాయాచిత్రకారుడు ఈ వేటను బొమ్మలుగా తీశాడు. మెడకు ఉరితాడు వేసి, తాడు రెండవ కొసకు బరువైన లారీ టైరు కట్టి, గుర్రం అలసి కూలేవరకు పరుగెత్తించే దృశ్యాలవి. వంద ఉపన్యాసాలు చేయలేని పనిని ఆ బొమ్మలు చేశాయి. బడిపిల్లలు వేల సంఖ్యలో తమ ప్రతినిధులకు ఉత్తరాలు వ్రాశారు. ఫలితంగా 1959లో ప్రభుత్వ భూములలో విమానాలతో, మోటారు వాహనాలతో గుర్రాలను వేటాడటాన్ని నిషేధించే చట్టం వచ్చింది. 1971 డిసెంబరు 15న అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో మరింత సమగ్రమైన చట్టం అమలులోకి వచ్చింది. ప్రభుత్వ భూములలో తిరిగే గుర్రాలనూ గాడిదలనూ పట్టడం, చంపడం, హింసించడం నేరమైనది.

అటుపిమ్మట కెమెరా పట్టినవారి పని ముగియలేదు. మొంటానా, వయోమింగ్ రాష్ట్రాల సరిహద్దున ఉన్న ప్రయర్ పర్వతాల మందను 1968లో తొలగించబోతున్నారన్న వార్తను హోప్ రైడెన్ అనే రచయిత్రి టెలివిజన్ ద్వారా దేశానికి తెలియజేసింది. స్థానికులు గళమెత్తారు. అదే సంవత్సరం ఆ ప్రాంతం గుర్రాల సంరక్షణ క్షేత్రమైనది. అదే పర్వతాలలో 1995లో పుట్టిన ఒక తెల్లని మగపిల్లను పుట్టిన రోజునే జింజర్ కాథ్రెన్స్ చలనచిత్రంలో బంధించి, దానికి 'క్లౌడ్', అంటే మేఘం, అని పేరు పెట్టి ఏండ్ల తరబడి దాని జీవితాన్ని అనుసరించింది. ఆ చిత్రం 2001లో ప్రసారం కాగా లక్షలాది ప్రజలు ఒక గుర్రాన్ని దాని పేరుతో ఎరిగినవారైనారు.

గుర్రాలను చిత్రించేవారు మొదట నేర్చుకోవలసిన విద్య ఓర్పు. ఒక మగగుర్రం, కొన్ని ఆడగుర్రాలు, వాటి పిల్లలు కలిసి ఒక కుటుంబం. ఇంకా జత కుదరని మగవి వేరుగా గుంపు కట్టుకుంటాయి. నీటి మడుగు దాపున గంటల కొలది కూర్చుంటేనే ఈ బంధుత్వాలు బోధపడతాయి. నొసటి మీది చుక్క, కాలి మీది తెల్లమచ్చ, మేని రంగు చూసి ఒక్కొక్కదానిని గుర్తుపట్టాలి. దగ్గరకు పోరాదు, మేత చూపి పిలువరాదు. ప్రయర్ పర్వతాలలో వంద అడుగుల ఎడం పాటించమని నియమం. మనిషి చేతి తిండికి అలవాటుపడిన గుర్రం తన స్వేచ్ఛను తానే పోగొట్టుకుంటుంది.

చట్టం వచ్చింది, హింస ఆగింది, ఇక కథ సుఖాంతమని పాఠకులు భావించవచ్చు. అసలు చిక్కు అక్కడే మొదలైనది. ఆడగుర్రం పదకొండు మాసాలు మోసి ఒక పిల్లను కంటుంది. వేటాడే మృగాలు తక్కువైన చోట మంద నాలుగైదు సంవత్సరాలలో రెట్టింపు కాగలదు. ఎడారి గడ్డి మాత్రం రెట్టింపు కాదు. ఆ గడ్డి మీదనే పశువుల కాపరుల ఆవులు, కొండగొర్రెలు, జింకలు కూడా ఆధారపడి ఉన్నాయి. ప్రభుత్వ భూ నిర్వహణ సంస్థ తన అధీనంలోని భూములు సుమారు 26,000 జంతువులను భరించగలవని లెక్కకట్టింది. 2020లో వాటి సంఖ్య సుమారు 95,000కు పెరిగి, 2024 నాటికి సుమారు 73,500కు తగ్గింది. ఆవులకు అనుమతించిన మేతను తగ్గించకుండా గుర్రాలను మాత్రమే ఎక్కువని ఎలా అంటారని గుర్రాల పక్షంవారు అడుగుతారు. ఎండిన మడుగుల చెంత బక్కచిక్కిన గుర్రాలను మీరు చూశారా అని కాపరులు అడుగుతారు. రెండు ప్రశ్నలూ త్రోసివేయదగినవి కావు.

సంఖ్యను తగ్గించడానికి 1976 నుండి ప్రభుత్వమే హెలికాప్టర్లను వాడటానికి చట్టం అనుమతించింది. మందను ఆకాశం నుండి తరుముతూ దొడ్డి ముఖద్వారానికి తెస్తారు. అక్కడ ఒక పెంపుడు గుర్రాన్ని వదులుతారు. అది నేర్చిన దారిన లోపలికి పరుగెత్తుతుంది, దానిని నమ్మి మంద అంతా వెంట పోతుంది, తలుపు మూతపడుతుంది. దానికి 'జూడాస్ గుర్రం' అని పేరు. ఈ దృశ్యాలను దగ్గర నుండి చిత్రించే హక్కు కోసం లారా లీ అనే ఛాయాచిత్రకారిణి న్యాయస్థానానికి వెళ్ళగా, ఆ వాదాన్ని సక్రమంగా తూచి చూడవలసిందేనని 2012లో అప్పీలు న్యాయస్థానం క్రింది న్యాయస్థానానికి తిప్పిపంపింది.

పట్టుబడిన గుర్రాలను దత్తత ఇచ్చే పద్ధతి 1973లో ప్రయర్ పర్వతాలలో ప్రారంభమై 1976లో దేశమంతటా విస్తరించింది. దత్తత కోరేవారికి పదునెనిమిదేండ్లు నిండి ఉండాలి. జంతుహింస నేరం వారి మీద ఉండరాదు. ఒక్కొక్క గుర్రానికి 400 చదరపు అడుగుల దొడ్డి, మచ్చికకాని పెద్ద గుర్రానికైతే ఆరడుగుల ఎత్తు కంచె ఉండాలి. ఒక సంవత్సరం పాటు గుర్రం ప్రభుత్వపు ఆస్తిగానే ఉంటుంది. చక్కగా పోషించినట్లు పశువైద్యుడో తగిన మరొకరో ధ్రువీకరించిన పిదపనే యాజమాన్యపు పత్రం చేతికి వస్తుంది. కొన్ని రాష్ట్రాలలో ఈ గుర్రాలను మచ్చిక చేసే పని కారాగారాలలోని ఖైదీలు చేస్తున్నారు. కట్టివేయబడిన మనిషి కట్టివేయబడిన జంతువుకు భయం పోగొట్టడం మమ్మల్ని ఆలోచింపజేసిన విషయం.

ప్రతి గుర్రం మెడ మీద ఎడమ వైపున అతిశీతల ముద్ర వేస్తారు. మన పల్లెలలో కోడెదూడకు అచ్చువేసి దేవుని పేర ఊరి మీద వదలిపెట్టే ఆచారం పాఠకులెరిగినదే. మన ఆబోతుకు అచ్చు స్వేచ్ఛకు గుర్తు, ఆ గుర్రానికి అచ్చు స్వేచ్ఛ ముగిసినదనడానికి గుర్తు.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన సామెత. జాలితో తెచ్చుకున్నవారు మేత ఖర్చుకు, మచ్చిక శ్రమకు జంకడం సహజం. దత్తతకు ఎవరూ రాని గుర్రాలు 60,000కు పైగా 2024లో ప్రభుత్వపు దొడ్లలో, కౌలు పచ్చికలలో ఉన్నాయి. వీటి పోషణకు 2023లో పది కోట్ల డాలర్లకు పైగా ఖర్చయినది. భారం తగ్గించాలని 2019లో దత్తత తీసుకున్నవారికి వేయి డాలర్లు ఇచ్చే పథకం పెట్టారు. సొమ్ము చేతికందగానే కొందరు ఆ గుర్రాలను కబేళాల వారు కొనే వేలాలకు తోలినట్లు 2021లో పత్రికలు బయటపెట్టాయి. 2025లో న్యాయస్థానం ఆ పథకాన్ని కొట్టివేసింది. ప్రేమకు రొక్కం జతచేస్తే రొక్కమే మిగులుతుందన్నది ఇందలి పాఠం.

మరి మార్గమేది? 1988లో అట్లాంటిక్ తీరాన ఉన్న అసటీగ్ దీవిలో ఒక ప్రయోగం మొదలైనది. గర్భనిరోధక టీకాను తుపాకీతో బాణంలా దూరం నుండి ఆడగుర్రానికి వేస్తారు. పట్టనక్కరలేదు, కుటుంబాన్ని విడదీయనక్కరలేదు. అయితే ఏ గుర్రానికి ఎప్పుడు వేశారో, మరల ఎప్పుడు వేయాలో తెలియాలంటే ప్రతి గుర్రాన్నీ ముఖం చూసి గుర్తించాలి. ఇందుకు ఛాయాచిత్రాల పట్టికలే ఆధారం. కొన్ని మందల విషయంలో, కేవలం అందం కోసం బొమ్మలు తీయడానికి వెళ్ళినవారే ఆ పట్టికలు వ్రాసే సేవకులైనారు. విశాలమైన ఎడారిలోని మందలన్నిటికీ ఇది సులభసాధ్యం కాదు. అయినప్పటికీ చూడటం, కాపాడటం, బాధ్యత వహించడం అన్న మూడు పనులు ఒకే చేతిలో కలిసినది ఇక్కడనే.

ఇది పరాయి దేశపు గొడవ అనుకోనక్కరలేదు. అస్సాంలోని డిబ్రూ సైఖోవా జాతీయోద్యానంలో రెండవ ప్రపంచ యుద్ధకాలపు సైనిక శిబిరాలు విడిచిపోయిన గుర్రాల సంతతి నేటికీ తిరుగుతున్నది. మనిషి వాడుకొని వదిలిన జీవి మనిషి నుండి పూర్తిగా విడుదల కాదు.

"దీని యజమాని ఎవరు సార్?" అని అడిగిన విద్యార్థి నేడు మా ఎదుట నిలిస్తే ఇలా చెప్పగలము: నాయనా, దానిని ఏలే యజమాని లేడు. కాని దాని కోసం జవాబు చెప్పవలసినవారు ఉన్నారు. కళ్ళెం వేయకుండానే ఒక ప్రాణి బాగోగులకు పూచీపడటం అన్నిటికంటె కష్టమైన యాజమాన్యం. లారీ వెంట వెళ్ళి చూసిన ఆ స్త్రీ, కలం పట్టి ఉత్తరాలు వ్రాసిన ఆ పిల్లలు, వంద అడుగుల దూరాన ఓర్పుతో కూర్చున్న ఆ చిత్రకారులు చేసినది అదే.