ఎవరి సంతోషం వారిది

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. ఇది తిండికే కాదు, మనసుకూ వర్తిస్తుంది.

షుగర్ ఉన్న ముగ్గురికి డాక్టరు రోజూ అరగంట నడవమని చెప్పారనుకోండి. ఒకరు స్నేహితులు తోడుంటేనే నడుస్తారు. మరొకరు తెల్లవారుజామున ఒంటరిగా నడవడానికే ఇష్టపడతారు. మూడో వ్యక్తికి నడకంటే విసుగు. కానీ పెరట్లో పాదులు తవ్వమంటే గంటసేపు అలుపు లేకుండా తవ్వుతారు. ముగ్గురి శరీరానికీ వ్యాయామం అందుతుంది. కదిలించిన కారణం మాత్రం వేరు.

బహుమతితో ఉత్సాహం వస్తుందా?

అన్నిసార్లూ రాదు. అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో ఒక పరిశోధన ప్రచురించారు. బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి, గీస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొద్దిరోజుల తర్వాత చూస్తే, ఆశ చూపని పిల్లలకన్నా వీరు బొమ్మలతో గడిపే సమయం బాగా తగ్గిపోయింది. ఇష్టంతో చేసే పని ఆశ కోసం చేసే పనిగా మారితే ఇష్టం సన్నగిల్లవచ్చు.

డెసి, ర్యాన్ అనే మరో ఇద్దరు శాస్త్రవేత్తలు మనిషికి మూడు అవసరాలు ఉంటాయని వివరించారు. అవి: తన పనిని తాను ఎంచుకునే స్వేచ్ఛ, చేయగలననే నమ్మకం, తనవారితో అనుబంధం. ఈ మూడూ అందరికీ కావాలి. అవి దొరికే చోటే ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఉంటుంది.

మనం చేసే పొరపాటు

రిటైరైన తండ్రితో "ఇక హాయిగా కూర్చో నాన్నా" అంటాం. మన దృష్టిలో విశ్రాంతే సుఖం. ఆయనకు మాత్రం బజారుకెళ్ళి కూరగాయలు బేరమాడి తేవడంలోనే హుషారు ఉండవచ్చు. ఆ పని తీసేసుకుంటే ఆయన నీరసపడిపోతారు. ప్రేమతోనే చేసినా, అది ఆయనకు నష్టమే.

ఏం చేయాలి?

• "నీకు ఏది బాగుంటుంది?" అని అడగండి. చెప్పేది పూర్తిగా వినండి.
• పక్కింటి వారితో పోల్చకండి.
• పెద్దల చేతిలోని చిన్న పనులను, ఓపిక ఉన్నంతవరకు వారికే వదలండి.
• పిల్లల ఇష్టం మీకు వింతగా తోచినా ఎగతాళి చేయకండి.

ఎప్పుడు జాగ్రత్త పడాలి?

ఇతరులకు నచ్చేది తనకు నచ్చకపోవడం జబ్బు కాదు. కానీ తనకు ఎంతో ఇష్టమైన పనిపైనే ఆసక్తి పోయి, రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ అలాగే ఉంటే అది డిప్రెషన్ లక్షణం కావచ్చు. నిద్ర, ఆకలి తగ్గడం కూడా తోడైతే ఇంకా జాగ్రత్త పడాలి. దానిని బద్ధకం అని తిట్టకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. చావు గురించి మాట్లాడితే ఒంటరిగా వదలకండి. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

డిప్రెషన్‌కు చికిత్స ఉంది. కౌన్సెలింగ్‌లో కూడా, రోగి ఒకప్పుడు ఇష్టపడిన చిన్న పనులనే మళ్ళీ కొద్దికొద్దిగా మొదలుపెట్టిస్తారు. అందుకే మీ ఇంట్లోవారికి ఏది ఇష్టమో ముందుగానే తెలుసుకొని ఉండండి. అది తగ్గిపోతున్నప్పుడు మొదట గమనించగలిగేది మీరే.