కంచె లోపలి కడలి

తిరువూరు మెట్టప్రాంతము. అచ్చటివారికి సముద్రము కన్నులయెదుట లేదు. కార్తీక పూర్ణిమకు బందరు దాటి మంగినపూడి చేరి స్నానమాడి వచ్చినవారికి ఆనాడు చూచినదే కడలి. కలవారికొక గట్టు, లేనివారికొక గట్టు అను భేదము వా రెరుగరు. సముద్రపుటొడ్డునకు కంచె వేయవచ్చునన్న నవ్వుదురు. అయినను లోకమున అట్టి తీరములు కలవు.

కరిబియన్ సముద్రమున హైతీ యను దేశము కలదు. బానిసలు తిరుగబడి 1804లో స్వాతంత్ర్యము సాధించుకొన్న దేశమది. ఆ స్వేచ్ఛకు వెలగా 1825లో ఫ్రాన్సు 15 కోట్ల ఫ్రాంకులు కోరెను. ఆ ఋణభారముతో మొదలైన దైన్యము నియంతల యేలుబడిలో పెరిగినదే గాని తరుగలేదు. దాని ఉత్తరతీరమున లబడీ యను చోటును రాయల్ కరిబియన్ అను ఓడల కంపెనీ 1980ల నుండి కౌలునకు తీసికొని విహారస్థలము గావించెను. చుట్టును కంచె, కావలివారు. వేలకొలది యాత్రికులు ఓడ దిగి, ఈదులాడి, భుజించి, సాయంకాలమునకు మరల ఓడ నెక్కెడివారు. కంచె దాటి ఊరిలోనికి పోవుటకు వీలుండెడిది కాదు. హైతీలో దిగియు వారు హైతీని చూచెడివారు కారు.

2010 జనవరి 12న వచ్చిన భూకంపమునకు రాజధాని పోర్టో ప్రిన్సు కూలిపోయెను. లక్షకు పైగా జనులు మరణించిరి. మూడు దినములకే విహారనౌక యొకటి లబడీ చేరెను. లోకము నివ్వెరపోయినది. అయితే ఆ ఓడయే బియ్యము, మంచినీరు కూడ తెచ్చినది. హైతీ ప్రభుత్వ ప్రతినిధియు రమ్మనియే కోరెను. యాత్రికులు రాకున్న అచ్చటి పనివారికి కూడు లేదు. కావున దోషము ఓడ వచ్చుటలో లేదు; అతిథికిని గృహస్థునకును నడుమ వేసిన కంచెలో కలదు.

2021 జూలైలో దేశాధ్యక్షుడు జొవెనెల్ మొయీజ్ హత్యకు గురియయ్యెను. ముఠాలు పెచ్చరిల్లెను. 2024లోను, 2025లోను కంపెనీ తన ఓడలను లబడీకి పంపుట ఆపివేసెను. కంచె ఇసుకను కాచినది గాని, వెలుపలి అశాంతిని ఆపలేకపోయెను. ఓడ మరియొక రేవునకు పోగలదు; ఆ రేవును నమ్ముకొన్న పనివాడు ఎక్కడికి పోగలడు?

ఆంధ్రదేశమునకు ఈ ప్రశ్న దూరమైనది కాదు. 2022 జూన్‌లో విశాఖ నుండి విహారయాత్ర సాగించిన ‘ఎంప్రెస్’ నౌక ఒకప్పుడు ఆ రాయల్ కరిబియన్ కంపెనీదే. ఓడలోని జూదశాల కారణముగా పుదుచ్చేరి ప్రభుత్వము దానిని తన తీరమున నిలువనీయలేదు. అతిథిని ఏ నియమముపై పిలువవలెనో నిర్ణయించు అధికారము తీరమునకు కలదని ఆ యుదంతము తెలిపినది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవున విహారనౌకలకు ప్రత్యేకముగా ఒక టెర్మినల్ ప్రారంభమైనది. అంతకు రెండు నెలల ముందే, ఋషికొండ తీరమున ప్రవేశరుసుము 20 రూపాయలు విధింపబోగా జనులు ఎదిరించిరి. ప్రభుత్వము ఆ యోచన మానుకొనెను.

ఆ యిరువది రూపాయలు స్వల్పమే. కాని కంచె మొదట అంత స్వల్పముగనే మొలచును. ఓడలు రావలసినదే. దిగిన యాత్రికుడు తొట్లకొండ బౌద్ధారామమును చూడవలెను, సింహాచలము మెట్లెక్కవలెను, భీమిలిలో డచ్చివారి సమాధులయొద్ద నిలువవలెను, ఆటో నడుపువానితో బేరమాడవలెను. అప్పుడు అతని ధనము ఊరికి చేరును, ఊరు అతనికి తెలియును. ఇసుకను మాత్రమే చూపి పంపివేయుట ఆతిథ్యము కానేరదు.